పన్నెండు క్లిక్కులు

ఆగస్టు 11, ఆదివారం

ఈ పుస్తకం తుపాకుల పనికి. ఏ తుపాకికి ఏం చేశానో, ఎన్ని గజాల దగ్గర గుండు ఎక్కడ పడిందో రాసుకోవడానికి పెట్టుకున్నది. సొంత కబుర్లకి కాదు. కానీ ఇవాళ బల్ల మీదికి వచ్చింది మామూలు తుపాకి కాదు కాబట్టి నాలుగు ముక్కలు ఎక్కువ రాస్తున్నాను.

ఓరిన్ బావ తన పాత టూ సెవెంటీ రైఫిలు తెచ్చాడు. నా భార్య లోర్నాకి అన్న. అరవై ఏడేళ్లు. ముప్పై ఐదేళ్లు కరెంటు స్తంభాలెక్కి బతికినవాడు. తుపాకిని దుప్పటిలో చుట్టి తెచ్చి, జ్వరం వచ్చిన పిల్లని డాక్టరు ముందు పడుకోబెట్టినట్టు నా బల్ల మీద పెట్టాడు.

ఇరవై మూడేళ్లు వరసగా కొండపొట్టేలు వేట పర్మిటుకి అర్జీ పెడితే ఈ ఏడు లాటరీలో బావ పేరు వచ్చింది. మా వయోమింగ్‌లో ఇది మనిషికి బతుకులో ఒక్కసారి. ఒక్క పొట్టేలు. ఆ తర్వాత అర్జీ పెట్టుకోవడానికి కూడా వీల్లేదు.

"ఒరే వెర్ల్, దీన్ని నాలుగొందల గజాలకి తయారు చెయ్యాలి. నీ చేత్తోనే చెయ్యాలి" అన్నాడు.

"నా చేతులకి జామ్ అంటుకుని ఉంది బావా, పర్లేదా?"

"కడుక్కో."

బావతో వచ్చిన చిక్కే ఇది. జోకు వేస్తే దానికీ జవాబు చెప్తాడు. ఒకసారి ఆయన ట్రక్కులో బ్రేకు తొక్కితే హారను మోగేలా తీగలు కలిపాను. ఎవరిదో అంత్యక్రియలకి ఊరంతా మోగించుకుంటూ వెళ్లాడు. ఇంటికొచ్చి తీగలు తనే విడదీసుకున్నాడు. నన్నొక్క మాట అనలేదు. అలాంటివాణ్ణి ఇంకోసారి ఏడిపించాలని ఎవరికి ఉండదు?

ఆగస్టు 18, ఆదివారం

తుపాకి గొట్టానికీ, దాన్ని పట్టుకునే కర్రకీ మధ్య కాగితం దూరడం లేదు. ఎండకి, వానకి కర్ర ఉబ్బి గొట్టాన్ని పక్కకి నెడుతోంది. ఇసుక కాగితంతో గీకాను. ఇప్పుడు కాగితం జారుతోంది. లోపల ఇనుము కూర్చునే చోట జిగురు మట్టి పోసి ఒక రోజు ఆరనిచ్చాను. ఇంక కదలదు.

గురి చూసుకునే స్కోపు కొత్తది బిగించాను. పెరట్లో తాడుకి సుత్తి కట్టి వేలాడదీసి, స్కోపులో నిలువు గీత ఆ తాడుతో కలిసేదాకా తిప్పాను. గీత వెంట్రుకవాసి వాలినా నూరు గజాలకి తెలీదు. నాలుగొందలకి గుండు పక్క ఊరికి పోతుంది.

బడిలో నాకు లెక్కలు రాలేదని పదో క్లాసులో గెంటేశారు. ఈ పనిలో ఉన్నదంతా లెక్కలే. ఆ మేష్టారు పోయాడు గానీ, లేకపోతే పిలిచి చూపించేవాణ్ణి.

ఆగస్టు 25, ఆదివారం

తుపాకుల క్లబ్బు మైదానంలో కాల్చి చూశాం. నూరు గజాలకి మూడు గుళ్లు నావి, మూడు బావవి. ఆరూ కలిపి ఒక డాలరు నాణెం కింద దాగేటంత చోటులో పడ్డాయి. గుండు వేగం కొలిచి, ఏ దూరానికి స్కోపు మీది డయలు ఎన్ని క్లిక్కులు తిప్పాలో చీటీ రాసి కర్రకి అతికించాను. నాలుగొందలకి ఇనప పళ్లెం పెట్టాం. బావ అయిదుకి అయిదు కొట్టాడు.

నేను చేసిన తుపాకుల్లో ఇదే మంచిది. రాసి పెట్టుకుంటున్నాను.

ఇంకొకటి. ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకునేటప్పుడు బావ చెయ్యి వణికింది. మూత నిండి కాఫీ కింద ఒలికింది. నేను చూడడం చూశాడు.

"పొద్దుటి పూటే. తుపాకి పట్టుకుంటే ఉండదు. ఎవరికీ చెప్పకు" అన్నాడు.

"నేనెప్పుడన్నా ఎవరికన్నా ఏమన్నా చెప్పానా?"

"ఎప్పుడూ చెప్తావు."

నిజమే, తుపాకి పట్టుకుంటే వణకలేదు. నేను కళ్లారా చూశాను.

సెప్టెంబరు 4, బుధవారం

స్క్రూలు ఆఖరిసారి బిగించి చూడమని బావ తుపాకి వదిలి వెళ్లాడు. బిగించాను. ఇంకొకటి కూడా చేశాను.

డయలు మీద అంకెలున్న మూత మూడు బుల్లి స్క్రూల మీద ఉంటుంది. డయలు పన్నెండు క్లిక్కులు కిందికి తిప్పాను. స్క్రూలు వదులు చేసి, మూతని మళ్లీ సున్నా మీదికి తెచ్చి బిగించాను. చూస్తే సున్నా. గుండు మాత్రం నూరు గజాలకి మూడు అంగుళాలు కిందికి పోతుంది. ఎంత దూరం వెళ్తే అంత కిందికి.

శనివారం క్లబ్బులో అందరూ వేటకి ముందు తుపాకులు సరిచూసుకునే రోజు. బావ కాలుస్తాడు, కింద పడుతుంది. మళ్లీ కాలుస్తాడు, మళ్లీ అక్కడే. మా క్లబ్బు గ్రేడీ వెనకనుంచి ఏదో ఒకటి అంటాడు, గ్రేడీ నోటికి తాళం లేదు. బావ తుపాకిని తిప్పి తిప్పి చూసుకుంటాడు. అప్పుడు నేను జేబులోంచి బుల్లి స్క్రూడ్రైవరు తీసి దాంతో చెవి గోక్కుంటాను. అంతే. ఇంకేం అనక్కర్లేదు.

సాయంత్రం బావ వచ్చాడు.

"అయిందా?"

"అయింది."

"అన్నీ మళ్లీ చూశావా?"

"చూశాను బావా."

కడుపులో నవ్వు ఆపుకోలేక చచ్చాను.

సెప్టెంబరు 5, గురువారం

మధ్యాహ్నం భోజనానికి వస్తే లోర్నా చెప్పింది, అన్నయ్య పొద్దున్నే కొండకి వెళ్లిపోయాడని. సామాను మోసే కంచరగాడిదలు అద్దెకిచ్చేవాడు వచ్చే వారం కుదరదు, ఇవాళే రమ్మన్నాడట. శనివారం క్లబ్బుకి రాడు.

పర్లేదు. బావ క్యాంపు వేసుకోగానే కాగితం పళ్లెం చెట్టుకి గుచ్చి ఒక గుండు పేల్చి చూసుకుంటాడు. ఎప్పుడూ చూసుకుంటాడు. ఆ దారుల్లో గాడిద వీపు మీద తుపాకి ఎన్ని దెబ్బలు తింటుందో ఆయనకి తెలుసు. కింద పడిందని చూస్తాడు, నన్ను తిట్టుకుంటాడు, సరిచేసుకుంటాడు. ఆయన మొహం చూసే యోగం నాకు లేకపోయింది, అంతే.

సెప్టెంబరు 6, శుక్రవారం

రోజంతా రోడ్లు చదును చేసే కౌంటీ గ్రేడరు మీదే. ఉత్తరపు మట్టిరోడ్డు. విశేషం లేదు. బావ ఈపాటికి గుండు పేల్చి చూసుకుని ఉంటాడు.

సెప్టెంబరు 8, ఆదివారం

ఒక గుండు పేలుస్తాడు. ఎప్పుడూ పేలుస్తాడు.

సెప్టెంబరు 10, మంగళవారం

కబురు లేదు. కొండలో ఫోను పనిచెయ్యదు కాబట్టి కబురు ఉండదు. అది మామూలే.

సెప్టెంబరు 13, శుక్రవారం

బావ వచ్చాడు. గడ్డం, మోకాళ్ల దగ్గర చిరిగిన ప్యాంటు. ట్రక్కు వెనక కొమ్ములు లేవు.

లోర్నా సూపు పెట్టింది. బావ చెంచా పట్టుకుంటే చెయ్యి వణికింది. కింద పెట్టేసి గిన్నె రెండు చేతుల్తో ఎత్తి తాగాడు. తర్వాత చెప్పాడు.

శనివారం పొద్దున. అవతలి గట్టు మీద పొట్టేలు, కొమ్ములు చెంపల దాకా చుట్టుకుని, పడుకుని ఉన్నది లేచి పక్కకి తిరిగింది.

"ఎంత దూరం?" అన్నాను.

"మూడొందల అరవై. మూడుసార్లు కొలిచా."

"గాలి?"

"గడ్డిపరక కదల్లేదు. నీ చీటీలో ఉన్నట్టు ఇరవై రెండు క్లిక్కులు తిప్పా. గురి భుజం వెనకే పెట్టా. ముంగాలికి తగిలింది. మూడు కాళ్ల మీద రాళ్లలోకి ఎక్కిపోయింది."

అయిదు రోజులు వెతికాడు. మొదటి రోజు నెత్తురు, వెంట్రుకలు దొరికాయి. రెండో రోజు రాతి మీద ఒక చుక్క. తర్వాత ఏమీ లేదు.

 నేను అడిగాను.

"క్యాంపులో ఒక గుండు పేల్చి చూసుకోలేదా బావా?"

"ఎందుకు? లోయకి అవతలే పొట్టేళ్లు కనిపిస్తున్నాయి, చప్పుడు చేస్తే పోతాయి. అయినా నువ్వు మళ్లీ చూశానన్నావుగా."

జేబులోంచి పర్మిటు తీసి బల్ల మీద పెట్టాడు. తేదీ దగ్గర కత్తితో గంటు పెట్టి ఉంది, అంటే పర్మిటు వాడేసినట్టు. వేటగడువు ఇంకా నెల రోజులుంది. తగిలి దొరకని జంతువుకి గంటు పెట్టాలని చట్టంలో లేదు. కానీ ఈ కొండల్లో పాతవాళ్ల లెక్క ఒకటే: నెత్తురు కళ్లచూశావా, నీ జంతువు నీకొచ్చేసినట్టే. ఇంటికి పో.

"అన్నయ్యా, ఎవరు చూశారు? మళ్లీ వెళ్లొచ్చుగా" అంది లోర్నా.

"నేను చూశానుగా" అన్నాడు.

సెప్టెంబరు 14, శనివారం

నడీన్ కాఫీ హోటల్లో పొద్దున అందరం ఉన్నాం. బావ టోపీ తీసి, ఎవరూ అడక్కముందే తనే చెప్పాడు.

"పొట్టేల్ని గాయపరిచి పోగొట్టుకున్నా. మీరు అటూ ఇటూ వినేకంటే నేనే చెప్పడం నయం."

"గాలి కొట్టి ఉంటుందిలే" అన్నాడు గ్రేడీ. వాడు కూడా మెత్తగానే అన్నాడు.

"గాలి లేదు. తుపాకిది తప్పు కాదు, వెర్ల్ దాన్ని గడియారంలా చేసి ఇచ్చాడు. చెయ్యి నాది. కొన్నాళ్లుగా వణుకుతోంది. తెలిసీ వెళ్లా."

చెయ్యి సంగతి ఎవరికీ చెప్పొద్దన్న మనిషి పదిమంది ముందు చెప్పుకున్నాడు.

నేను రెండో ముక్క ఆపిల్ పై తెప్పించుకున్నాను. మొత్తం తిన్నాను.

సెప్టెంబరు 15, ఆదివారం

ఆరో తేదీ కింద రాసింది అబద్ధం.

ఆ రోజు గ్రేడరు ఎక్కలేదు. ఒంట్లో బాగాలేదని ఫోను చేసి, అరవై మైళ్లు నడుపుకుంటూ కొండ కిందికి వెళ్లాను. కాలిదారి మొదలయ్యే చోట బావ ట్రక్కు ఆగి ఉంది. పొద్దున పది. అక్కడినుంచి క్యాంపు ఎనిమిది మైళ్లు. మధ్యాహ్నం దాటేసరికి చేరుకోవచ్చు. ట్రక్కులో కూర్చుని రొట్టె, హామ్ తిన్నాను. మోకాలు నొప్పి అనుకున్నాను. మోకాలు నొప్పి లేదు. గుండు పేల్చి చూసుకుంటాడు అనుకున్నాను. అదే మాట ఒక ఇరవైసార్లు అనుకున్నాను.

అసలు సంగతి, ఎనిమిది మైళ్లు ఎక్కి బావ ముందు నిలబడి, నీ బతుకులో ఒక్కసారి వచ్చిన వేటతో వేళాకోళం ఆడాను అని చెప్పాలి. ఆ ఒక్క నిమిషం సిగ్గు తప్పించుకుందామని బండి వెనక్కి తిప్పాను.

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ తెరవరు. నాకు నేనే దొంగ లెక్క రాసుకున్నాను. ఎవర్ని నమ్మిద్దామని?

సెప్టెంబరు 22, ఆదివారం

బావ తుపాకి తెచ్చి, అదే దుప్పటిలో, బల్ల మీద పెట్టాడు.

"నువ్వుంచుకో" అన్నాడు.

"ఎందుకు బావా?"

"నాకింక పనిలేదు. ఇంత బాగా చేశావు. కాల్చగలవాడి దగ్గర ఉండాలి."

నేను ఏదో అన్నాను. వచ్చే ఏడు జింకలకి కావాలిగా అనో ఏదో. తల ఊపి వెళ్లిపోయాడు. వెళ్తూ నా భుజం తట్టాడు.

సెప్టెంబరు 23, సోమవారం

స్క్రూలు వదులు చేశాను. పైకి పన్నెండు క్లిక్కులు తిప్పాను. ఒక్కొక్కటీ వినపడింది. మూతని సున్నా మీదికి తెచ్చి బిగించాను.

ఇప్పుడు తుపాకి ఆగస్టు ఇరవై అయిదున ఎలా ఉందో అలా ఉంది. ఎవరు చూసినా ఏమీ తెలీదు.

సెప్టెంబరు 29, ఆదివారం

క్లబ్బుకి ఎవరూ లేని వేళ వెళ్లి మూడు గుళ్లు కాల్చాను. మూడూ నాణెం కింద దాగేంత చోటులో.

ఇది ఎందుకు రాశానో తెలీదు.

అక్టోబరు 3, గురువారం

"ఏమైంది నీకు? నాలుగు వారాలైంది చక్కెర డబ్బాలో ఉప్పు పొయ్యక" అంది లోర్నా.

పెద్దవాణ్ణవుతున్నా అన్నాను. యాభై మూడేళ్లు వచ్చాక అప్పుడేనా అంది.

అక్టోబరు 9, బుధవారం

ముంగాలు విరిగిన పొట్టేలు బతకొచ్చని గ్రేడీ అన్నాడు. మూడు కాళ్ల మీద రెండేళ్లు తిరిగిన జింకని చూశాడట. బావకి ధైర్యం చెప్పడానికి అన్నాడు. బావ వింటూ కూర్చున్నాడు. నేను బావకంటే ఎక్కువ శ్రద్ధగా విన్నాను.

అక్టోబరు 13, ఆదివారం

చలికాలం రాకముందే పోయి ఉంటుంది. గ్రేడీ చూసింది జింక. రాళ్ల మీద ఎగిరే పొట్టేలికి ఆ కాలు కావాలి.

అక్టోబరు 19, శనివారం

లోర్నా వంటగదిలో ఏడుస్తోంది. బల్ల మీద బావ ట్రక్కు తాళాలు.

"అన్నయ్య ఇంక బండి నడపడట. ఎవరినన్నా గుద్దితే అంటాడు. వారానికి ఒకసారి కొట్టుకి తీసుకెళ్లమన్నాడు నన్ను. నిచ్చెన ఎవరికో ఇచ్చేశాడు. రంపం ఇచ్చేశాడు. డాక్టరు వయసుకి వచ్చే వణుకేనమ్మా, ఏం కాదు అన్నాడు కదా, అయినా వినడు. ఆ పొట్టేలి దగ్గర్నుంచి ఇంతే."

"తగ్గిపోతుందిలే" అన్నాను.

"నువ్వు చెప్పు వెర్ల్. నీ మాటకి నవ్వకపోయినా వింటాడు."

గ్యారేజిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. తేలు కుట్టిన దొంగ అరవలేడంటారు. ఎన్నాళ్లు అరవకుండా ఉండగలడో ఎవరూ చెప్పరు.

అక్టోబరు 20, ఆదివారం

చెప్పాను. మొదటినుంచి రాస్తాను, మళ్లీ అబద్ధం రాయకుండా.

బావ వరండాలో కట్టెలు పేర్చుకుంటున్నాడు. నేను మెట్టు మీద నిలబడి చెప్పాను. క్లబ్బు శనివారం, మూత, స్క్రూలు, అన్నీ. మధ్యలో నా నోరు నన్ను అడక్కుండా ఒక నవ్వు నవ్వింది. నవ్వొచ్చి కాదు. అలవాటు. బావ చేతిలో కట్టె అలాగే ఉంది.

"ఎన్ని క్లిక్కులు?"

"పన్నెండు."

"ఎటు?"

"కిందికి."

కట్టె పక్కన పెట్టి లోపలికి వెళ్లాడు. కవరు వెనక పెన్సిలుతో లెక్క వేసుకుంటూ వచ్చాడు.

"మూడొందల అరవైకి పదకొండు అంగుళాలు తక్కువ."

"అవును."

"భుజం వెనకనుంచి పదకొండు కిందికంటే ముంగాలు."

"అవును బావా."

మెట్ల మీద కూర్చున్నాడు. కుడి చెయ్యి ముందుకి చాపి చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.

"అయితే నేను సరిగ్గానే పట్టా" అన్నాడు. ఇంకోసారి అన్నాడు. ఆయన మొహంలో ఏదో తేలిక పడింది. నాకు ఆ ఒక్క క్షణం బతికిపోయాననిపించింది. సిగ్గు లేకుండా రాస్తున్నాను, అలాగే అనిపించింది.

అప్పుడు శుక్రవారం సంగతి కూడా చెప్పాను. చెప్పకుండా ఊరుకోవచ్చు. ఆయనకి తెలిసే దారి లేదు.

"కొండ కిందికి వచ్చావా?"

"నీ ట్రక్కు పక్కనే ఆపా."

"ఎన్నింటికి?"

"పదికి."

"నేను కాల్చింది మర్నాడు పొద్దున."

"తెలుసు."

"రొట్టె తిని వెళ్లిపోయావు."

మెట్టు మీద రాలిన బెరడు కాలితో పక్కకి నెట్టాను.

"డయలు తిప్పింది నీ బుద్ధి. అది నాకు నలభై ఏళ్లుగా తెలుసు. తెలిసి కూడా చూసుకోకపోవడం నా తప్పు" అన్నాడు. "కొండ కింద కూర్చుని రొట్టె తిన్నవాడెవడో నాకు తెలీదు."

హోటల్లో అందరికీ చెప్తానన్నాను. నీ పేరు నిలబెడతానన్నాను.

"వద్దు. నువ్వు చెప్తే అది కథవుతుంది. నలుగురూ నవ్వుతారు. మూడు కాళ్ల మీద అది రాళ్లెక్కుతుంటే నేను దుర్బిణిలో చూశా. ఒకసారి వెనక్కి తిరిగి నావైపు చూసింది. దాని మీద ఎవరూ నవ్వకూడదు. నా మీద జాలిపడితే పడనీ."

తాళాలు లోర్నా దగ్గరున్నాయని, తెచ్చి ఇమ్మన్నాడు. తెచ్చి ఇచ్చాను.

అక్టోబరు 23, బుధవారం

లోర్నాకి కూడా చెప్పాను. మూడు రోజులనుంచి పళ్లెంలో అన్నీ ఉంటున్నాయి. మాట ఉండడం లేదు.

అక్టోబరు 30, బుధవారం

బావ బండి నడుపుకుంటున్నాడు. హోటల్లో నాకెదురుగా కూర్చోడం మానలేదు. మానితే అడుగుతారని. వెన్న అందుకో అంటాడు. అందిస్తాను.

నవంబరు 9, శనివారం

చెప్పేశాను. వద్దన్నా చెప్పేశాను.

పొద్దున హోటలు నిండుగా ఉంది. గ్రేడీ ఓ పొట్లం తెచ్చి బావ ముందు పెట్టాడు. విప్పితే చంటిపిల్లల కప్పు. ప్లాస్టిక్కుది, రెండు చెవులు, మూతకి ముక్కు, పక్కన బాతు బొమ్మ.

"ఓరిన్, ఇది నీకు. నడీన్ టేబులుగుడ్డలు రోజూ ఉతకలేక చస్తోంది" అన్నాడు.

అందరూ నవ్వారు. అందులో చెడు లేదు. రెండు నెలలైంది కదా, ఇంక నవ్వచ్చు అనుకున్నారు. నడీన్ కూడా నవ్వుతూ ఆ కప్పులోనే కాఫీ పోసింది. బావ మూత పెట్టుకుని, ముక్కు నోట్లో పెట్టుకుని తాగాడు. అప్పుడు అందరూ నావైపు తిరిగారు. ఇలాంటిచోట పైమాట నాదే ఉండాలి, ఇరవై ఏళ్లుగా అంతే. ఈ తరహా పొట్లాలు కట్టడం గ్రేడీకి నేర్పింది కూడా నేనే.

లేచి నిలబడ్డాను.

"ఆ పొట్టేల్ని పోగొట్టింది ఓరిన్ చెయ్యి కాదు. నేను. వేటకి వెళ్లే ముందు రోజు డయలు పన్నెండు క్లిక్కులు కిందికి తిప్పి, మూత సున్నా మీద పెట్టి ఇచ్చా."

గ్రేడీ బల్ల మీద గుద్ది నవ్వాడు. గది గదంతా నవ్వింది.

"పన్నెండట. లెక్క కూడా కట్టి తెచ్చాడురోయ్" అన్నాడు ఒకడు.

"ఒట్టు. నిజం చెప్తున్నా" అన్నాను.

"నీ ఒట్టు మీద కిందటేడు నా ట్రక్కు అమ్మకానికుందని పేపర్లో వేయించావు" అన్నాడు గ్రేడీ, కళ్లు తుడుచుకుంటూ. "కానీ వెర్ల్, మంచిపని చేశావోయ్. బావ కోసం మీదేసుకున్నావు. నీలో ఇంత మంచితనం ఉందనుకోలేదు."

నడీన్ నా భుజం నిమిరింది. నా జన్మలో ఆ హోటల్లో నన్ను మంచివాడన్నది ఇదే మొదటిసారి.

బావ కప్పు కింద పెట్టాడు.

"వాడు చెప్పింది నిజమే" అన్నాడు.

దాంతో ఇంకా పడి పడి నవ్వారు. ఓరిన్ పుట్టి బుద్ధెరిగాక వేసిన మొదటి జోకు అన్నారు. వీపు చరిచారు. బావ అలాగే కూర్చున్నాడు, వాళ్ల చేతులు వీపు మీద పడుతుంటే. ఎవరి మొహంలోకీ చూడలేదు. బాతు బొమ్మ వైపు చూస్తున్నాడు. ఆ చూపు పొట్టేలు కోసమని నాకొక్కడికే తెలుసు.

బయట ట్రక్కు దగ్గర పట్టుకున్నాను.

"చెప్పొద్దన్నానా" అన్నాడు.

"నిన్ను అలా చూడలేకపోయా బావా."

"నన్ను చూడలేకపోయావో, నువ్వు ఓర్చుకోలేకపోయావో." టోపీ పెట్టుకున్నాడు. "తుపాకి కావాలి. వచ్చే ఆదివారం వస్తా. నేనే బిగించుకుంటా. నీ బల్ల, నీ సామాను కావాలి. నువ్వు చెయ్యి పెట్టకు."

నవంబరు 17, ఆదివారం

బావ తొమ్మిదింటికి వచ్చాడు. నా ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

స్కోపు మొత్తం విప్పేశాడు. నేను చేసింది ఏదీ ఉంచలేదు. రింగులు తుడిచాడు. తాడుకి సుత్తి కట్టమన్నాడు. కట్టాను. తాడు ఊగడం ఆగేదాకా చూసి, గీత తనే కలుపుకున్నాడు. స్క్రూడ్రైవరు ఇమ్మంటే ఇచ్చాను. పని అవగానే నాకు ఇవ్వకుండా తన జేబులో వేసుకున్నాడు. కుడి చెయ్యి వణికినప్పుడు ఆగాడు, ఆగాక బిగించాడు. మధ్యాహ్నం అయింది.

క్లబ్బుకి ఆయన ట్రక్కులోనే వెళ్లాం. తొమ్మిది గుళ్లు కాల్చాడు. దుర్బిణిలో చూసి చెప్పడం నా పని. "రెండు క్లిక్కులు ఎడమకి" అన్నాను. తిప్పబోయి ఆగి, తనే దుర్బిణిలోంచి చూసుకున్నాడు. రెండే. అప్పుడు తిప్పాడు. నేను చెప్పిన ప్రతిసారీ అంతే. ఆఖరి మూడూ ఒకే బొక్కలో పడ్డాయి. బాగుంది అన్నాను. ఊ అన్నాడు.

గ్యారేజికి తిరిగొచ్చాక లోర్నాని గోళ్లరంగు అడిగాడు. ఎర్రది తెచ్చి ఇచ్చింది. డయలు సున్నా మీద పెట్టి, మూత మీంచి కింది ఇనుము దాకా సన్నగా ఒక గీత గీశాడు. మూడు బుల్లి స్క్రూల మీదా మూడు గీతలు. ఎవరన్నా తిప్పితే గీత రెండు ముక్కలవుతుంది, చూడగానే తెలుస్తుంది. అనుమానం ఉన్నవాళ్లు అలా గీసుకుంటారు. బావ తుపాకి మీద ఎప్పుడూ అలాంటి గీత లేదు.

"ఆరడానికి పావుగంట పడుతుంది అన్నయ్యా. బల్ల మీద పెట్టి రా, కాఫీ తాగుదువు" అంది లోర్నా.

"ఇక్కడే తాగుతా" అన్నాడు.

కప్పు అక్కడికే తెచ్చింది. తుపాకి ఒళ్లో పెట్టుకుని, ఒక చెయ్యి దాని మీద వేసి, రెండో చేత్తో తాగాడు. కొంచెం ఒలికింది. తుడవబోయాను. నా చెయ్యి దగ్గరికి రాగానే తుపాకిని అటు పక్కకి తిప్పుకున్నాడు.